మొలక వేరుకు సేంద్రియ ఆమ్లాల రక్షణ

భూమి పైపొరలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న లోహం అల్యూమినియం. దాని వాటా సుమారు 8 శాతం. మామూలు నేలల్లో అది ఖనిజాల్లోనే ఇమిడి ఉండి పంటకు హాని చేయదు. నేల ఉదజని సూచిక 5 కంటే తగ్గితే మాత్రం కరిగి, అయాన్ల రూపంలో నేలలోని తేమలో కలుస్తుంది. అధిక వర్షాలకు సున్నపు అంశం కొట్టుకుపోయిన ఈశాన్య రాష్ట్రాల కొండ నేలల్లో, కేరళ ఎర్రరాతి నేలల్లో ఈ సమస్య సాధారణం.

దెబ్బ మొదట తగిలేది మొలక వేరు కొనకే. కొన్ని గంటల్లోనే వేరు పెరుగుదల మందగిస్తుంది. వేరు పొట్టిగా, మొద్దుగా మారి నీటినీ భాస్వరాన్నీ అందుకోలేదు. పైకి చూస్తే ఇది ఎరువు చాలని పైరులాగే కనిపిస్తుంది. ఎరువు పెంచినా ఫలితం ఉండదు.

అన్ని రకాలూ ఇలా లొంగిపోవు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1993లో గోధుమ మొలకలను పరిశీలించారు. అల్యూమినియంను తట్టుకునే మొలకల వేళ్లు, తట్టుకోలేని వాటికంటే 5 నుంచి 10 రెట్లు అధికంగా మాలిక్ ఆమ్లాన్ని స్రవించాయి. ఈ ఆమ్లం అల్యూమినియంను పట్టి బంధించి, వేరుకు హాని చేయలేని రూపంలోకి మారుస్తుంది. పోషక ద్రావణంలో అదే ఆమ్లాన్ని బయటి నుంచి కలిపినప్పుడు బలహీన రకం మొలకలూ తట్టుకున్నాయి. అసలు కీలకం ఈ ఫలితంలోనే ఉంది. ఆమ్లాన్ని బయటకు పంపే ద్వారానికి మూలమైన జన్యువును గోధుమలో 2004లో గుర్తించారు. జొన్న, మొక్కజొన్న ఇదే పనికి సిట్రిక్ ఆమ్లాన్ని వాడుకుంటాయి.

అలాగని రైతు పొలంలో నిమ్మ ఉప్పు చల్లితే సరిపోతుందా? సరిపోదు. నేలలోని సూక్ష్మజీవులకు సిట్రిక్ ఆమ్లం మంచి ఆహారం. అవి దాన్ని త్వరగానే హరించివేస్తాయి. వేరు తన కొన వద్ద, అవసరమైన చోట మాత్రమే, నిరంతరం స్రవించడం వేరు. పొలమంతా ఒకసారి చల్లడం వేరు.

మరో ప్రమాదమూ ఉంది. అన్ని లోహాల విషయంలో ఆమ్లాల ప్రభావం ఒకేలా ఉండదు. కాడ్మియం, సీసం కలుషితం చేసిన నేలల్లో సిట్రిక్ ఆమ్లం ఆ లోహాలను మట్టి నుంచి విడదీసి, వేరుకు మరింత అందుబాటులోకి తేగలదు. నేలను శుద్ధి చేసే మొక్కల చేత లోహాలను పీల్పించేందుకు పరిశోధకులు దాన్ని వాడేది ఈ గుణం వల్లనే. తినే పంటకు అది చేటు.

అందువల్ల ఆమ్ల నేలల రైతుకు మొదటి మార్గం భూసార పరీక్ష, దాని ప్రకారం సున్నం. సున్నం ప్రభావం లోతు పొరలకు చేరడానికి ఏళ్లు పడుతుంది. ఆమ్లాన్ని తమంతట తాము స్రవించే విత్తన రకాల ఎంపిక అవసరమయ్యేది ఆ లోతుల్లోనే.