తలుగు విప్పండి

ఇబ్రహీంపట్నానికి సముద్రం చాలా దూరం. తుపాను అంటే కోస్తావాళ్ల కష్టమని ఇక్కడ చాలామంది అనుకుంటారు. కానీ 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగానే పోయింది. మనకు దగ్గర్లోని ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది.

ఊరూరా తిరిగి పశువులకు సూదులేసే గోపాలమిత్రను నేను. వరదలో పశువు ఎట్ల చస్తదని రైతులు అడిగితే, కట్టేసి ఉంటే చస్తదని చెబుతాను. బర్రెకు ఈత ఎవరూ నేర్పక్కర్లేదు. వదిలేస్తే మెరక వెతుక్కుంటుంది. మెడకు తలుగు, తలుగుకు గుంజ ఉన్నప్పుడు మాత్రం నీళ్లు పెరిగేకొద్దీ తల ఎత్తుతుంది, తాడు ఎంత పొడవుందో అంతవరకే ఎత్తగలదు. వాన ముదురుతుందని రేడియోలోనో ఫోన్లోనో వినగానే, చీకటి పడకముందే మందను గట్టు మీదికి తోలండి. తోలలేకపోతే తలుగు విప్పి, కొట్టం తలుపు తీసి ఉంచండి. మామూలు రోజుల్లో కూడా ఒక్క గుంజుకు ఊడే ముడే వేయండి. కొక్కేనికి కట్టిన కుక్క, బోనులో పెట్టిన కోడి, గంపకింది కోడిపిల్లలు, అన్నిటికీ ఇదే మాట.

"బర్రెను ఇడిచి నేనెక్కడికి పోత సారూ" అనే అవ్వలు నాకు ప్రతి ఊళ్లోనూ తెలుసు. ఆ మాటను మూర్ఖత్వమని కొట్టిపారేయొద్దు. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు కుక్కల్ని, పిల్లుల్ని వదిలి రాలేక ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ చట్టం చేశారు, సహాయ ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటుండాలని. పశువుకు చోటు చూపిస్తేనే దాని మనిషి కదులుతాడు. పునరావాస కేంద్రమని ఏ బడినో తెరిచే ముందు, దాని పక్కన మెరకలో పశువులకు ఎక్కడ చోటుందో గ్రామపంచాయతీ చూసి పెట్టాలి.

మన దగ్గర వరద కంటే ఎక్కువ భయపెట్టేది పిడుగు. ఉరుము వినగానే గొర్రెలు చెట్టుకింద గుమిగూడతాయి, కాపరీ అక్కడికే చేరతాడు. పిడుగు చెట్టుమీద పడితే కరెంటు నేలలో నలుదిక్కులా పాకుతుంది. పశువు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఆ కరెంటు ఒక కాలినుంచి ఎక్కి గుండె మీదుగా ఇంకో కాలికి దిగుతుంది. ఒక్క పిడుగుకు మంద మొత్తం కూలడానికి కారణం అదే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ పిడుగు హెచ్చరిక ముందే ఇస్తుంది. కాపరి ఫోన్లో అది ఉండాలి. మోగగానే ఒంటరి చెట్టును వదిలి మందను చెదరగొట్టాలి.

వాన వెలిశాక రోగాల వంతు. కొత్త పచ్చిక ఆబగా మేసిన గొర్రెకు చిటుకరోగం, బర్రెకు గొంతువాపు వస్తాయి. వీటికి టీకాలు మే, జూన్‌లలోనే వేయించాలి, రోగం కనిపించాక సూది వేసి లాభం తక్కువ. కుక్కకు ఎలుకల మూత్రం కలిసిన వరదనీటి నుంచి లెప్టోస్పైరోసిస్ రావచ్చు, అది మనుషులకూ అంటుతుంది. అందుకే ఆ టీకా, రేబిస్ టీకా రెండూ వేయించండి. వారానికి సరిపడా ఎండుగడ్డి, దాణా, కుక్క మందులు తడవని చోట ఉండాలి. పశువు చెవిపోగు మీది 12 అంకెల నంబరు, ఒక ఫొటో ఫోన్లో దాచుకోండి. 2022-26 విపత్తు నిధి నిబంధనల ప్రకారం వరదలో పోయిన పాడిపశువుకు 37,500, గొర్రెకు 4,000 రూపాయల సాయం నిర్ణయించారు. సాయం అడిగితే ఆ పశువు మీదేనని చూపించాలి కదా.

పశువైద్య సంచార వాహనం నంబరు 1962. కొట్టం గోడమీద బొగ్గుతోనైనా పెద్దగా రాసిపెట్టండి. చదువురాని అవ్వ పక్కింట్లో ఉంటే ఈ రోజే వెళ్లి ఆమెకు ఆ నాలుగంకెలు నోటికి వచ్చేలా చెప్పండి.