రాత్రి మెట్రో రైళ్లు ఎక్కడికి వెళ్తాయి? డిపో షెడ్డు కట్టడం వెనుక ఇంత లెక్క ఉందా!

మహమ్మద్‌నగర్, పిట్లం వైపు నుంచి సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ వచ్చేవారికి ముందుగా తగిలే మెట్రో స్టేషన్ మియాపూర్. మెట్రోకున్న రెండు డిపోల్లో ఒకటి ఇక్కడే ఉంది. రెండోది ఉప్పల్‌లో. 2017 నవంబర్ 28న మొదలైన హైదరాబాద్ మెట్రో ప్రస్తుతం 69 కిలోమీటర్ల మేర నడుస్తోంది. పొద్దున మనం ఎక్కే రైలు భద్రంగా ఉండాలంటే రాత్రి డిపోలో పని సరిగ్గా జరగాలి. ఆ పని చేసే సిబ్బంది ప్రాణం మాత్రం షెడ్డు ఎలా కట్టారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

బయటి నుంచి చూస్తే డిపో పెద్ద రేకుల షెడ్డులాగే కనిపిస్తుంది. కానీ గోదాము కట్టినట్టు కడితే కుదరదు. రైలుకు ఎక్కువ పని ఉండేది కింద, పైన. పైనేమో 25 వేల వోల్టుల కరెంటు తీగ ఉంటుంది!

కింద పని ఎలా?
తనిఖీ షెడ్డులో పట్టాలు నేల మీద ఉండవు. వరుసగా కట్టిన పొట్టి స్తంభాల మీద ఉంటాయి. వాటి మధ్య, పక్కన నేలను లోతుగా దించుతారు. సిబ్బంది నిలబడే బ్రేకులు, మోటార్లు, చక్రాలు చూసుకోవచ్చు. నూనె, నీళ్లు నిలవకుండా నేలకు వాలు, కాలువలు తప్పనిసరి.

పైన పని ఎలా?
ఇంత వోల్టేజీ ఉన్న తీగను తాకనక్కర్లేదు. దగ్గరికి వెళ్లినా షాక్ కొడుతుంది. అందుకే రైలు పైకప్పు ఎత్తులో ప్లాట్‌ఫామ్ కట్టి, దానికి తాళం వేసిన గేటు పెడతారు. ముందు ఆ లైనులో కరెంటు ఆపాలి, తర్వాత తీగను ఎర్తింగ్ చేయాలి. అప్పుడే గేటు తాళం చెవి బయటికి వస్తుంది. అంటే మనిషి మర్చిపోయినా తాళం మర్చిపోదన్నమాట.

పెద్ద రిపేర్లు వస్తే?
బోగీలను జాకీలతో పైకి లేపే వర్క్‌షాప్‌లో అసలు తీగే ఉండదు. అక్కడ పైన క్రేన్ తిరగాలి. రైలును బ్యాటరీ లేదా డీజిల్ బండితో లోపలికి తోస్తారు. జాకీలన్నీ ఒకేసారి, సమానంగా లేవాలి. కాబట్టి కింద నేల కుంగకుండా కాంక్రీటు గట్టిగా వేయాలి. క్రేన్‌కు అడ్డం రాకుండా మధ్యలో స్తంభాలు లేని ఉక్కు కప్పు వేస్తారు.

చక్రాల సంగతేంటి?
బ్రేకు పడి చక్రం జారితే ఒకచోట చదునుగా అరుగుతుంది. రైలులో టకటకమని చప్పుడు వస్తుంది. చక్రం ఊడదీయకుండానే దాన్ని మళ్లీ గుండ్రంగా చెక్కే లేత్ మిషన్‌ను పట్టాల కింద గోతిలో బిగిస్తారు. ఇతర కదలికలు తగలకుండా దానికి పునాది విడిగా వేస్తారు.

ట్రామ్‌కైతే వేరే లెక్క
తెలుగువాళ్లకు కరెంటు రైలు కొత్తేమీ కాదు. ఉమ్మడి రాష్ట్ర రాజధాని మద్రాసు వీధుల్లో 1895 నుంచి 1953 వరకు కరెంటు ట్రామ్‌లు తిరిగాయి. కోల్‌కతాలో 1902లో వచ్చాయి. ట్రామ్ చిన్న మలుపుల్లోనూ తిరుగుతుంది కాబట్టి డిపోకు స్థలం తక్కువ చాలు. కానీ ఆ మలుపుల వల్లే చక్రాలు త్వరగా అరుగుతాయి. నేటి ట్రామ్‌లలో ఎక్కేవారికి వీలుగా ఫ్లోర్ కిందికి దించడంతో పరికరాలు చాలావరకు పైకప్పు మీదికి చేరాయి. దాంతో షెడ్డులో కింది గోతి కన్నా పై ప్లాట్‌ఫామ్‌కే పని ఎక్కువ.

ముందు చూసుకోవాల్సింది ఇదే
రెండో దశలో 76.4 కిలోమీటర్ల మెట్రోకు రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. అందులో మియాపూర్–పటాన్‌చెరు మార్గం 13.4 కిలోమీటర్లు. అది వస్తే కామారెడ్డి జిల్లా పశ్చిమ మండలాల వాళ్లు పటాన్‌చెరులోనే మెట్రో ఎక్కేయొచ్చు. అయితే లైను పెరిగితే రైళ్లు పెరుగుతాయి, రైళ్లు పెరిగితే షెడ్డులో చోటు కావాలి. స్టేషన్‌ను రోడ్డు మీద స్తంభాలెత్తి కట్టొచ్చు. డిపోకు మాత్రం చదునైన, విశాలమైన నేల కావాలి. చుట్టూ ఇళ్లు లేచాక అంత జాగా దొరకడం కష్టం. అందుకే ఎక్కడ మెట్రో వచ్చినా, మ్యాప్‌లో స్టేషన్లతో పాటు డిపో ఎక్కడో కూడా చూడాలి.