తెలుఁగు జాతీయములందు నావయుఁ దీరమును

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములు ప్రత్తికిని మిరపకును బేరెన్నిక గన్నవి. ఆ మెట్టపొలములలో సముద్రమును బుట్టి చూడని కాఁపు సైతము, అప్పు తీఱినప్పుడు "గట్టెక్కితిమి" అనియుఁ, బంట చెడినప్పుడు "పుట్టి మునిఁగినది" అనియు ననుచుండును. ఈ పలుకులు నీటిమీఁదఁ బుట్టినవి. వీని మూలార్థ మెయ్యది, ఆంగ్లమునఁ గల యిట్టి పలుకుబడులతో వీనికిఁ గల భేద మెట్టిది యను విషయ మిందు విచారింపఁబడుచున్నది. ఈ భేద మెఱుఁగక చేసిన తెనిఁగింపులలో నొకప్పుడు భావము తలక్రిందగుటచే నీ విచారము బోధకులకు మిగుల నవసరము.

ఈ మండలమునకు నావ క్రొత్తది కాదు. 1244 లోఁ గాకతీయ గణపతిదేవుఁడు మోటుపల్లి రేవున నభయశాసనమును వేయించెను. గాలివానచేఁ బగిలి తీరమునఁ బడిన యోడల సరకును బూర్వరాజులు సర్వము హరించెడివారనియుఁ, దాను మాత్రము నియతమైన సుంకమును దక్క నన్యమును గొననియు నతఁ డందుఁ జాటెను. చీరాల చెంతనున్న వాడరేవు పేరే "ఓడల రేవు" అని చెప్పుచున్నది. ఓడకు వాడయనియు రూపము కలదు. 19వ శతాబ్దమునఁ గొమ్మమూరు కాలువయు, దానితోఁ బెదగంజామువద్దఁ గలియు బకింగుహాము కాలువయు నేర్పడఁగా, కృష్ణానది మొదలు చెన్నపట్టణము వఱకుఁ బడవలు నడచెను. మిరపయు నమెరికాఖండమునుండి పోర్చుగీసువారి యోడలవెంట భరతఖండమునకు వచ్చినదే.

మొదట సంస్కృతమునుండి వచ్చిన పదములను బరిశీలింపవలెను. దాఁటుట యను నర్థముగల "తౄ" ధాతువునుండి తరణి, తరి యను నావ పేర్లును, దిగి దాఁటు చోటను నర్థమునఁ దీర్థశబ్దమును బుట్టినవి. సంసారమును దాఁటించు గురువును దీర్థమే. కావున నొక్క గురువునొద్దఁ జదివినవారు సతీర్థ్యులైరి. ఆవలియొడ్డు పారము, దానిఁ జేరినవాఁడు పారంగతుఁడు. శాస్త్రపారంగతుఁ డనునప్పుడు శాస్త్రము సముద్రమను భావ మందు దాఁగియున్నది. కూలమనఁగా నొడ్డు, దాని ననుసరించినది యనుకూలము, దాని కెదురైనది ప్రతికూలము. పాణిని చతుర్థాధ్యాయ చతుర్థపాదమున 28వ సూత్రముచే నీ రెండింటికిఁ బ్రత్యయమును విధించి, ఆనుకూలికుఁడు, ప్రాతికూలికుఁడు అను రూపములను సాధించెను. నీటి కెదురైనది ప్రతీపము. ద్వీప, సమీప శబ్దములందును నీటి పేరైన "అప్" శబ్దమే రూపుమాఱి నిలిచినది. చుక్కాని పట్టువాఁడు కర్ణధారుఁడు. నేఁ డా మాట నాయకునికిఁ జెల్లుచున్నది.

ఇఁక నచ్చతెలుఁగు పలుకులు. గట్టెక్కుట, ఒడ్డునఁ బడుట, దరిఁ జేరుట యనునవి యన్నియుఁ గష్టమునుండి బయటపడుటను దెలుపును. పుట్టి యనఁగా నిక్కడ నిరువది తూముల కొలఁత గాదు. వెదురుబద్దలతో నల్లి తోలు కప్పిన గుండ్రని పడవ. అది మునిఁగినచో నందున్నవారికిఁ బ్రాణాపాయము. కావున "పుట్టి మునుఁగుట" సర్వనాశమునకుఁ జెల్లెను. "కొంప మునుఁగుట" వేఱు; అది వఱదపాలైన యింటినుండి పుట్టినది. రెండు పడవలపైఁ గాళ్ళుంచినవాఁడు నిశ్చయము లేనివాఁడు. "ఏఱు దాఁటి తెప్ప తగులఁబెట్టినట్లు" అనియు, "ఏఱు దాఁటుదాఁక నోడమల్లయ్య, దాఁటినపిమ్మట బోడిమల్లయ్య" అనియుఁ గృతఘ్నునిఁ గూర్చి చెప్పుదురు. "ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును" అనునది భాగ్యము తలక్రిందగుటను దెలుపును. ప్రత్తిబండ్లును బడవలును గలసికొను కాలువరేవులవారి కీ సామెత సుబోధము.

నావ పరికరముల పేర్లు కొన్ని యన్యదేశ్యములు. లంగరు పారసీకము, చుక్కాని యరబ్బీ "సుక్కాను" శబ్దమునుండి వచ్చినది, సరంగు పారసీకమున దళనాయకుఁడు. లస్కరు మొదట సైన్యవాచకము. పిదప నైరోపావారి యోడలలోని నావికునికిఁ జెల్లి, కృష్ణాడెల్టాలోఁ గాలువ కాపరి పేరైనది. మాటలోని యాంతర్యము తెలియనప్పుడు "లంగ రందలేదు" అని వ్యవహారమునఁ బలుకుదురు. లంగరు నేలఁ దాఁకనిచో నోడ నిలువదు. భావ మందనిచో బుద్ధియు నిలువదు. ఇట్టి యెరువు మనకే కాదు. రష్యనులును బీటరుచక్రవర్తి కాలమున డచ్చివారినుండి నావికపదములఁ బెక్కింటిని గొనిరి. వారి చుక్కాని పేరును డచ్చిమాటయే.

ఇప్పుడు ముఖ్యభేదమును గ్రహింపవలెను. ఆంగ్లేయుల పలుకుబడులు పెక్కులు నడిసముద్రమున నోడ నడపినవారివి. తెలుఁగు పలుకుబడులు పెక్కు లేఱు దాఁటఁగోరువారివి. ఆంగ్లమున "హై అండ్ డ్రై" యనఁగా నీరు తీయఁగా నోడ మెట్టపై నిలిచిపోవుట. అనఁగా దిక్కులేక విడువఁబడుట. ఓడకు నీరే బ్రదుకు. ఏఱు దాఁటువానికి గట్టే బ్రదుకు. కావున దానిని "ఒడ్డునఁ బడెను" అని తెనిఁగించినచో నాపద సుఖమగును. "దిక్కులేనివాఁ డయ్యెను" అనుట యొప్పు. రష్యనులు "ఇసుకమేటపైఁ గూర్చుండెను" అనుదురు. అందుల భావము చేత డబ్బులేక చిక్కుకొనెననుట. తెలుఁగున నది "చేతఁ జిల్లిగవ్వ లేదు" అనుటచేఁ జక్కఁగ దెలియును.

"త్రీ షీట్స్ ఇన్ ది విండ్" అనుచోట షీటు దుప్పటి కాదు, తెరచాపను బిగించు త్రాడు. మూఁడు త్రాళ్ళు వీడి గాలిపాలైన యోడవలెఁ దూలువాఁడు త్రాగుఁబోతు. "టేకెన్ అబ్యాక్" అనఁగా నెదురుగాలి తెరచాపల ముందువైపునఁ దాఁకి యోడ నాఁపుట. తెలుఁగున "నిర్ఘాంతపోయెను" అనవలెను. ఓడత్రాళ్ళ నెఱుఁగుట యనుదానికి "ఆనుపాను లెఱుఁగుట" యను పలుకు సిద్ధముగా నున్నది. "ఒకే పడవలో నున్నాము" అనునది మాత్రము యథాతథముగానే చెల్లును. ఏలయన నది పడవయెక్కినవారి మాట, ఆ యనుభవము తెలుఁగువారికిని గలదు.

కావున బోధకులు విద్యార్థి నొక పలుకుబడి యర్థ మడుగుటకు ముందు, "ఇది యెవరి నోటి మాట? ఓడ నడపువానిదా, ఏఱు దాఁటువానిదా?" అని యడుగుట మేలు. ఆ ప్రశ్నకు సమాధానము దొరికినచో ననువాదము తనంతఁదానే దరిఁ జేరును. మోటుపల్లి పూర్వపు రేవు కాకపోయినను, కాలువలలో సరకుపడవల రాకపోకలు గతించినను, ప్రత్తిచేలలో "గట్టెక్కితిమి" అను మాట నిలిచియున్నది. దాని మూలమును దెలిసి వాడువారుండుట భాషకు రక్ష.