ఊపిరి బిగపట్టకత్తా!

అమెరికాలో ఉన్న మా మేనకోడలు ఫ్లోరిడాలోని డిస్నీవారి ఎప్‌కాట్ అక్వేరియంలో స్కూబా డైవింగ్ చేసిందట. 1986లో తెరిచిన ఆ అక్వేరియంలో 57 లక్షల గ్యాలన్ల నీళ్లు! వీపున గాలి సిలిండరు, చుట్టూ తాబేళ్లు, సొరచేపలు.

"భయమెయ్యలేదుటే?" అన్నాను ఫోన్లో.

"ఊపిరి బిగపట్టకూడదత్తా, అదే మొదటి పాఠం" అంది. పది మీటర్ల లోతు నుంచి పైకొచ్చేసరికి పీల్చిన గాలి రెట్టింపు వ్యాకోచిస్తుందిట. బిగపడితే ఊపిరితిత్తులకే ముప్పు!

నేనేమో పట్టిసీమలో పుట్టి, వీరభద్రుడి గుడికి పడవెక్కిన ప్రతిసారీ ఊపిరి బిగపట్టేదాన్నే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగాక ఆ భయం మరీ ముదిరింది. లైఫ్‌జాకెట్ లేనిదే పడవెక్కొద్దన్నది సరే. కానీ గోదారి ఒడ్డు పిల్లలకి "నీళ్లలోకి దిగకు" అనడమేగానీ, ఈత నేర్పిస్తున్నామా?

ఈ వేసవిలో మా అమ్మాయిని ఈతకొలనులో చేర్పించాను. మొదటిరోజు గట్టున కూర్చుని ఊపిరి బిగపట్టింది మాత్రం నేనే!