మొండి గుర్రం మీద తొలి స్వారీ

బ్రిటన్‌లో చాలామంది చిన్నపిల్లలు మొదట ఎక్కేది షెట్లాండ్ పోనీ గుర్రాన్నే. భుజం దగ్గర ఎత్తు 42 అంగుళాలు మించదు. మొండితనానికి మాత్రం కొదవలేదు. పగ్గం కాస్త వదులైతే చాలు, తల దించి గడ్డి మేస్తుంది. ఏడ్చినా, కాళ్లు టపటపలాడించినా కదలదు. పిల్ల నిటారుగా కూర్చుని, చూపు ముందుకు నిలిపి, పిక్కలతో ఒక్కసారి గట్టిగా నొక్కి, అడుగు పడగానే వదిలేస్తే నడుస్తుంది. తన మాట చెల్లిందన్న నమ్మకం పుట్టేది అక్కడే. అడక్కుండానే నడిచే గుర్రం మీద అది దొరకదు.

పడితేనో అంటారు. న్యాయమైన భయమే. అందుకే హెల్మెట్, పక్కనే తాడు పట్టుకుని నడిచే శిక్షకుడు తప్పనిసరి. పైగా మొండితనం అనుకున్నది ఒక్కోసారి నొప్పి కావచ్చు. పిల్లకు ధైర్యం చెప్పేముందు జీను ఒరుసుకుంటోందేమో, గుర్రానికి పంటి బాధ ఉందేమో పెద్దలు చూడాలి.