సాఫ్ట్‌వేర్ ఏజెంటు: ఆఫీసు జ్ఞాపకశక్తికి తోడు

ఒక విద్యుత్ సబ్‌స్టేషన్‌ను ఊహించుకోండి. వానాకాలంలో ఒక ఫీడరు మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. అక్కడే ముప్పై ఏళ్లు పనిచేసిన లైన్‌మన్‌కు కారణం వెంటనే తడుతుంది. “కాలువ గట్టు మీది చెట్టుకొమ్మ తీగకు తగులుతోందేమో చూడండి” అంటాడు. ఆయన రిటైరైతే? ఆ సంగతి ఏ పాత రిజిస్టరులోనో ఉండవచ్చు. కాని వేల పేజీల మధ్య, ఆ చీకట్లో దాన్ని వెతికేదెవరు?

ఒక సంస్థలోని అనుభవాన్ని సేకరించి, భద్రపరచి, కావలసినవారికి సమయానికి అందించడాన్ని ‘విజ్ఞాన నిర్వహణ’ అంటారు. ఈ పనిలో మనిషికి తోడ్పడే ప్రోగ్రాములే తెలివైన సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు.

మామూలు ప్రోగ్రాముకూ దీనికీ తేడా ఏమిటి?

మామూలు ప్రోగ్రాము మీరు ఆజ్ఞ ఇచ్చినప్పుడే పని చేస్తుంది. ఏజెంటుకు ఒక లక్ష్యం అప్పగిస్తే చాలు. పరిసరాలను గమనిస్తూ తనంతట తానే కదులుతుంది. ఫీడరు ట్రిప్ అయినట్లు నమోదు కాగానే, అలాంటి పాత సంఘటనలను వెతికి ఇంజనీరు ముందుంచుతుంది.

అది ఎలా నేర్చుకుంటుంది?

అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రవేత్త పాటీ మేస్ 1994లో ఒక ఈ-మెయిల్ ఏజెంటును వర్ణించారు. మీరు ఏ ఉత్తరాన్ని ముందు చదువుతారో, దేన్ని చెరిపేస్తారో అది గమనిస్తుంది. కొత్త ఉత్తరం రాగానే పాత సందర్భాలతో పోల్చి, మీరేం చేస్తారో అంచనా వేస్తుంది. తన అంచనాపై నమ్మకం ఒక స్థాయి దాటితే సలహా ఇస్తుంది. ఇంకా పెద్ద స్థాయి దాటితేనే తానుగా పని చేస్తుంది. ఆ రెండు హద్దులనూ నిర్ణయించేది మీరే!

నల్లబల్ల కిటుకు

ఒక్క ఏజెంటుకు అన్నీ తెలియవు. మరి చాలా ప్రోగ్రాములు కలిసి పనిచేయడమెలా? దీనికి దారి చూపినవారిలో మన తెలుగువాడు ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సహచరులతో కలిసి 1970లలో ‘హియర్‌సే-2’ను రూపొందించారు. మాటతో అడిగితే, పరిశోధనా వ్యాసాల సారాంశాలను వెతికిపెట్టే వ్యవస్థ ఇది. ధ్వనులు తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్యనిర్మాణం తెలిసిన భాగం తమ ఊహలను ఒక ఉమ్మడి ‘నల్లబల్ల’ మీద రాసేవి. ఒకదాని ఊహను మరొకటి బలపరచేది, లేదా సవరించేది. ఇలా సుమారు 1000 పదాల పరిధిలో మాటలను అర్థం చేసుకోగలిగింది. కృత్రిమ మేధస్సులో కృషికి రాజ్ రెడ్డి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు.

ఎంతవరకు నమ్మాలి?

నేటి ఏజెంట్లు పెద్ద భాషా నమూనాల సాయంతో తెలుగులోనూ జవాబు చెబుతాయి. కాని లేనిదాన్ని ఉన్నట్లు ధీమాగా చెప్పే ప్రమాదమూ ఉంది. సబ్‌స్టేషన్‌లో తప్పు సలహా ప్రాణం తీయవచ్చు. అందుకే ఏజెంటు తన జవాబుతోపాటు ఆధారమైన రిజిస్టరు పేజీని కూడా చూపాలి. లైనుకు కరెంటు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం బాధ్యుడైన మనిషి చేతిలోనే ఉండాలి.

ఇంకొక సంగతి. ఎవరూ రాసిపెట్టని అనుభవాన్ని ఏ ఏజెంటూ వెతికి తేలేదు. మీ కాలేజీ ప్రయోగశాలలో ఏ పరికరం ఎందుకు మొరాయిస్తుందో అటెండరు గారికి తెలిసే ఉంటుంది. ఆయన్ను అడిగి, తేదీ వేసి, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. విజ్ఞాన నిర్వహణకు మొదటి మెట్టు అదే.