అసంపూర్ణ ప్రాసాదంలో సమకాలీన కళ: రివోలి కోట మ్యూజియం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
చారిత్రక కట్టడాన్ని మ్యూజియంగా మార్చేటప్పుడు దాని గతంలో ఏ దశను నిలపాలి, ఏ దశను తొలగించాలి అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. ఇటలీలోని రివోలి కోట సమకాలీన కళా మ్యూజియం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం. అక్కడ కట్టడం కళాఖండాలకు ఆశ్రయం మాత్రమే కాదు, సందర్శకుడు చదవవలసిన మొదటి ప్రదర్శితవస్తువు కూడా అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పునరుద్ధరణ, సమకాలీన కళ, మ్యూజియం, రివోలి కోట, ఆంద్రెయా బ్రూనో.

1. ఉపోద్ఘాతం:
పాత కట్టడాల పునరుద్ధరణ విషయంలో 19వ శతాబ్దిలోనే రెండు భిన్న దృక్పథాలు ఏర్పడ్డాయి. కట్టడానికి ఒక సంపూర్ణరూపాన్ని, అది గతంలో ఎన్నడూ లేనిదైనా సరే, సమకూర్చవచ్చునని ఫ్రెంచ్ వాస్తుశిల్పి వియొలే-ల-డ్యూక్ భావించాడు. అటువంటి పునరుద్ధరణ కట్టడాన్ని ధ్వంసం చేయడమేనని ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ వాదించాడు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలనీ, కొత్తగా చేర్చిన భాగం పాతదాని నుండి వేరుగా గుర్తుపట్టగలిగేలా ఉండాలనీ 1964 నాటి వెనిస్ ఒడంబడిక సూత్రీకరించింది. ఈ సూత్రాలు ఆచరణలో ఎలా ఉంటాయో చూడదగిన చోట్లలో రివోలి ముఖ్యమైనది.

2. కోట పూర్వచరిత్ర:
టూరిన్ నగరానికి పడమట, ఆల్ప్స్ పర్వతాలలోకి సాగే సూసా లోయ ముఖద్వారం వద్ద ఒక గుట్టపై ఈ కోట ఉంది. ఇది సవోయ్ రాజవంశీయుల నివాసం. 17వ శతాబ్దిలో మొదటి కార్లో ఎమాన్యుయెలే తన చిత్రపటాల సేకరణ కోసం ఇక్కడ ‘మానికా లుంగా’ అనే భవనాన్ని తలపెట్టాడు. ఆ పేరుకు ‘పొడవాటి చొక్కాచేయి’ అని అర్థం. సుమారు 140 మీటర్ల పొడవు, కేవలం 7 మీటర్ల వెడల్పు గల ఆ భవనానికి అది తగిన పేరే.

1718లో రెండవ విట్టోరియో అమెదేయో కోసం వాస్తుశిల్పి ఫిలిప్పో యువర్రా ఇక్కడ ఒక మహాప్రాసాదాన్ని రూపకల్పన చేశాడు. అందులో సుమారు మూడవ వంతు మాత్రమే నిర్మాణమైంది. ఆ పథకం నెరవేరి ఉంటే మానికా లుంగా కూలిపోవలసినదే. 1730లో సింహాసనాన్ని త్యజించిన ఆ రాజు, మరుసటి ఏడు దానిని తిరిగి పొందజూడగా కుమారుడు అతనిని బంధించి ఇక్కడే ఉంచాడు. వైభవచిహ్నంగా తలపెట్టిన ప్రాసాదమే చెరసాల అయింది. 1883లో కోట స్థానిక పురపాలక సంఘం చేతికి వచ్చింది. తరువాత సైనిక నివాసంగా ఉపయోగపడి, క్రమంగా శిథిలమైంది.

3. బ్రూనో పునరుద్ధరణ:
1960వ దశకం నుండి కోటను అధ్యయనం చేసిన వాస్తుశిల్పి ఆంద్రెయా బ్రూనో 1979లో ప్రధాన పునరుద్ధరణను చేపట్టాడు. 1984 డిసెంబరులో ఇది మ్యూజియంగా ప్రారంభమైంది. సమకాలీన కళకే అంకితమైన మ్యూజియంగా ఇటలీలో ఇది మొదటిది.

బ్రూనో ముందు రెండు సులభమార్గాలు ఉన్నాయి: యువర్రా పథకాన్ని పూర్తిచేయడం, లేదా అసంపూర్ణభాగాలను తొలగించి చక్కదిద్దడం. ఆయన రెండింటినీ విడిచిపెట్టాడు. కోటకూ మానికా లుంగాకూ నడుమ ఆగిపోయిన ముఖమండపం గోడలను అలాగే ఉంచాడు. నిర్మాణం కాని స్తంభాల స్థానాలను నేలపై పరిచిన రాతి గుర్తులతో సూచించాడు. కొత్తగా అవసరమైన మెట్లను, మొండిగోడ నుండి ముందుకు పొడుచుకువచ్చిన వీక్షణవేదికను ఉక్కుతో, గాజుతో నిర్మించాడు. వాటిని చూసి 18వ శతాబ్ది పని అని ఎవరూ పొరబడరు. 2000లో మానికా లుంగా కూడా ప్రదర్శనలకు తెరుచుకుంది.

4. కట్టడం - కళాఖండం:
ఆధునిక కళాప్రదర్శనకు తెల్లగోడల గది సహజమైనదన్న భావనను బ్రయన్ ఓడొహర్టీ 1976లో వెలువరించిన వ్యాసాలలో ప్రశ్నించాడు. ఆ గది కాలాన్నీ సమాజాన్నీ బయటే ఉంచుతుందన్నది ఆయన విమర్శసారం. రివోలిలో అది సాధ్యం కాదు. మౌరిత్సియో కతెలాన్ 1997లో రూపొందించిన ‘నోవెచెంతో’ ఇందుకు నిదర్శనం. చర్మాన్ని భద్రపరచి తయారుచేసిన నిజమైన గుర్రం, కాళ్లు వేలాడుతూ, అలంకృతమైన పైకప్పు నుండి వ్రేలాడుతుంది. ‘నోవెచెంతో’ అంటే ఇరవయ్యవ శతాబ్ది. ఐరోపా శిల్పంలో గుర్రం రాజాధికారానికి వాహనం. రాజప్రాసాదంలో నేలను తాకలేని గుర్రాన్ని చూసినప్పుడు కలిగే అర్థం తెల్లగోడల గదిలో అంత బలంగా కలగదు.

టూరిన్ కేంద్రంగా వికసించి, 1967లో జెర్మానో చెలాంత్ ‘ఆర్తె పోవెరా’ అని పేరుపెట్టిన ‘పేదకళ’ ఉద్యమానికి కూడా ఈ మ్యూజియంలో ప్రముఖస్థానం ఉంది. పాతగుడ్డల కుప్పకు ఎదురుగా వీనస్ ప్రతిమను నిలిపిన మికెలాంజెలో పిస్తొలెత్తో రచన ఇక్కడి సేకరణలోనిదే. రాజుల కోసం కట్టిన చోట చింకిగుడ్డలు కళాసామగ్రి కావడం గమనార్హం.

అయితే ఈ విధానానికి పరిమితులు లేకపోలేదు. 7 మీటర్ల వెడల్పు ప్రతి కళాఖండానికీ సరిపోదు. చిత్రాలంకృతమైన గది తనలో ఉంచిన రచనతో పోటీపడవచ్చు.

5. ముగింపు:
మనదేశంలో 1911లో నిర్మించిన ముంబయిలోని కావస్‌జీ జహంగీర్ హాలు 1996లో జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలగా మారింది. అక్కడ వెలుపలి రూపాన్ని నిలిపి, లోపల కొత్త అంతస్తులు నిర్మించారు. రివోలిలో పాత లోపలి భాగమే ప్రదర్శనకు ఆధారమైంది. కట్టడం స్థితిని బట్టి ఈ రెండు మార్గాలూ సాధ్యమే. కానీ ఏది నిలిచింది, ఏది పోయింది, ఏది కొత్తగా చేరింది అన్నది సందర్శకుడికి తెలియాలి. పునరుద్ధరణను అంచనా వేసే పరిశోధకుడు కట్టడం ఎంత అందంగా ఉందని కాక, తన గాయాలను ఎంత నిజాయితీగా చూపుతోందని మొదట అడగాలి. రివోలిలో పూర్తికాని గోడ ఆ ప్రశ్నకు సమాధానంగా నిలుస్తుంది.